మార్చొద్దన్న ఆయిల్

మొన్నటి రథసప్తమి నాటికి గుడివాడ గోతాల వ్యాపారి జయకృష్ణ చేతిలో ఏడు సీట్ల తెల్ల డీజిల్ కారు ఒకటి ఉంది. రెండు లక్షల నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. దాని ఇంజన్ పొగ తాగే మనిషిలా అయిపోయిందని, సిలిండర్లు బోరు చేయించి పిస్టన్లు మారిస్తే తప్ప లాభం లేదని, అందుకు నలభై అయిదు వేలవుతుందని ఊళ్ళో మెకానిక్ చెప్పిన కబురు కూడా అతని దగ్గరే ఉంది. వీటితోపాటు ముప్ఫై ఏళ్ళుగా కూడబెట్టుకున్న నోటిమాట విలువ ఒకటి ఉంది. కారును అమ్మాడు, కబురును దాచాడు. దాచడానికి ఖర్చయింది ఆ మాట విలువే.

కొన్నది పరాయివాడు కాదు. జయకృష్ణ గోడౌన్లో పాతికేళ్ళు కూలీల మేస్త్రీగా పనిచేసి పోయిన రత్తయ్య కొడుకు యలమంద. ఊహ తెలిసినప్పటి నుంచి జయకృష్ణను 'బాబాయ్' అని పిలిచేవాడు. కారు చూపించడానికి ముందు రోజు సాయంత్రం జయకృష్ణ ఇంజన్లో చిక్కటి గేరు ఆయిల్ కలిపించి, దానిమీద పొగను అణిచే మందు డబ్బా ఒకటి ఒంపించాడు. తెల్లవారి మంచులో స్టార్ట్ చేస్తే పొగ లేదు, చప్పుడు లేదు. ఆయిల్ మార్చిన రోజున గుట్టు బయటపడుతుంది కాబట్టి ఇంకో మాట కూడా కలిపాడు. ఖరీదైన ఆయిల్ పోయించానని, ఆరు నెలల దాకా మార్చొద్దని, తగ్గితే ఇదే రకం పొయ్యమని చెప్పి, రెండు డబ్బాల పేర్లూ, ఆరు నెలల గడువూ కాగితం మీద రాసి ఇచ్చాడు. మెకానిక్‌ను తెచ్చి చూపించుకోమని పైపైన అన్నాడు గాని, యలమంద నవ్వేసి, మీ మాటకంటే మెకానిక్ ఎక్కువా బాబాయ్ అని, మూడు లక్షలు చేతిలో పెట్టి, కారును నేరుగా మోపిదేవి తీసుకెళ్ళి పూజ చేయించుకున్నాడు.

నాలుగు నెలలు తిరిగింది. మాఘ పౌర్ణమికి హంసలదీవి ట్రిప్పులు కొట్టింది. రోజూ పొద్దున్నే బందరులో నలుగురు టీచర్లను ఎక్కించుకుని దివిసీమలో వాళ్ళ బడుల దగ్గర దింపి, సాయంత్రం మళ్ళీ తెచ్చింది. యలమంద ఇల్లు నడిచేది ఆ నలుగురి నెల కిరాయి మీదే. ఎండాకాలం సెలవుల్లో, ఒక పెళ్ళివారిని దించి వస్తుండగా, చల్లపల్లి దాటాక ఇంజన్ దడదడమని కొట్టుకుని రోడ్డు మీద ఆగిపోయింది. దాన్ని బందరులో మెకానిక్ వెంకటస్వామి షెడ్డుకు లాగించి, యలమంద ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆ ఫోను వచ్చింది జయకృష్ణకే. "ఇంజన్ విప్పుతున్నారు బాబాయ్. పెద్దమనిషిగా మీరే వచ్చి కూర్చోవాలి" అన్నాడు.

* * *

జూన్ మూడో తారీకున జయకృష్ణ కొత్త కారును ఇంట్లో ఉంచేసి బస్సెక్కాడు. గుడివాడ నుంచి బందరు దాకా కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడలేదు. బస్సులో వెళ్ళడమెందుకని భార్య అడిగితే, పార్కింగ్ కష్టమన్నాడు. రత్తయ్య కొడుకు ఆగిపోయిన పాత కారు పక్కన తన కొత్త కారు నిలబెట్టడానికి మొహం చెల్లలేదని ఎవరితో అంటాడు?

వెంకటస్వామి షెడ్డు ఊరి చివర, చిలకలపూడి వెళ్ళే దారిలో ఉంది. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. అతని షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బండి సొంతదారు, సొంతదారు తరఫున ఒక పెద్దమనిషి, ఇద్దరూ ఎదురుగా కూర్చుంటేనే ఇంజన్ హెడ్డు విప్పుతాడు. విప్పిన ప్రతి ముక్కా గోతం పరిచి వరసగా పెడతాడు. ఎప్పుడో ఎవరో నా బండిలో మంచి సామాను తీసేసి పాతది పెట్టావని నలుగురిలో అన్నారట. అప్పటి నుంచి అంతే. బాగు చేయడమా, ఇంజన్ మార్చడమా అన్నది అక్కడికక్కడే తేలాలి. పెద్దమనిషి ఏదంటే అది. తర్వాత మాట తిరగడం ఉండదు.

జయకృష్ణకు కుర్చీ వేసి, మజ్జిగ తెప్పించి, యలమంద తను మాత్రం కింద ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ముప్ఫై మూడేళ్ళవాడు వారంలో చిక్కిపోయాడు. పన్నెండో తారీకున బడులు తెరుస్తారని, ఆ రోజుకి బండి సంగతి ఖాయంగా చెప్పలేకపోతే టీచర్లు పెడన వ్యాను మాట్లాడుకుంటారని, ఆ వ్యానువాడు ఇప్పటికే రెండుసార్లు వాళ్ళకు ఫోన్ చేశాడని చెప్పుకొచ్చాడు. చెప్పి, మీరొచ్చారు కదా ఇక నాకు దిగుల్లేదన్నాడు. ఆ మాటకు జయకృష్ణ మజ్జిగ గ్లాసు తాగకుండానే కింద పెట్టాడు.

నేల మీద పరిచిన గోతం అతని కంట పడింది. మూడుచోట్ల మాసికలు వేసిన సరుకు. అలాంటివాటిని ఒక్కసారి వాడినవాటి కింద కలిపి అమ్మడం ఈ వ్యాపారంలో కొత్త కాదు. కొనేవాడు చెయ్యిపెట్టి చూసుకోవాలి, చూసుకోకపోతే తప్పు వాడిది. ఇన్నేళ్ళూ ఆ న్యాయం మీదే బతికాడు. యలమంద విషయంలోనూ నాలుగు నెలలుగా తనకు తాను అదే చెప్పుకుంటున్నాడు. మెకానిక్‌ను తెచ్చుకోమని చెప్పానా లేదా? చెప్పాను. వాడే తెచ్చుకోలేదు.

హెడ్డు పైకి లేచింది. వెంకటస్వామి మొదటి సిలిండర్లో వేలు పెట్టి, పై అంచున గోటితో గీసి చూశాడు. అరిగి గట్టు కట్టింది. పిస్టన్‌ను అటూ ఇటూ ఊపాడు, వదులు పన్నులా ఊగింది. నాలుగూ అలాగే ఉన్నాయి. బోరు చేయాల్సిందేనని తేల్చాడు. యలమంద మొహం వాడింది. జయకృష్ణ మాత్రం లోపల కాస్త కుదుటపడ్డాడు. ఇది తనకు తెలిసిన అరుగుదలే, నలభై అయిదు వేల అరుగుదల. రెండు లక్షల నలభై వేలు తిరిగిన బండికి ఇంతమాత్రం ఉండదా అంటే ఎవరూ కాదనరు. ఇక్కడితో ఆగితే గండం గడిచినట్టే.

అక్కడితో ఆగలేదు. వెంకటస్వామి బండి కిందికి దూరి, ఆయిల్ నిలవుండే సంపు విప్పి కిందికి దించాడు. దాన్ని తెచ్చి గోతం మీద పెట్టాడు. అందులో ఉన్నది ఆయిల్ కాదు. తాటిబెల్లం పాకం ముదిరితే ఎలా ఉంటుందో అలా, నల్లగా, బంకగా, పుల్ల గుచ్చితే నిలబడేలా ఉంది. ఆయిల్‌ను పైకి పీల్చే గొట్టం మూతికి చిన్న జల్లెడ ఉంటుంది. ఆ జల్లెడ కళ్ళన్నీ ఆ బంకతో పూడిపోయాయి. తర్వాత పిస్టన్లు తిప్పే ఇరుసుకు, అంటే క్రాంకుకు, ఉన్న బేరింగులు తీశాడు. వెండిలా మెరవాల్సిన రేకులు రాగిరంగు తేలి, గీతలు పడి ఉన్నాయి. క్రాంకు మీద వేలితో రాస్తే ఆ గీతలు చేతికి తగిలాయి.

"ఇది ముసలితనంతో పోయిన ఇంజన్ కాదు" అన్నాడు వెంకటస్వామి. "తిండి అందక పోయింది. జల్లెడ పూడిపోయింది, ఆయిల్ పైకి ఎక్కలేదు. ఎండిపోయిన క్రాంకుతో దీన్ని నడిపారు."

జయకృష్ణ ఆ గీతల వైపు చూశాడు. రథసప్తమి నాడు ఈ క్రాంకు బాగుంది, మెకానిక్ తనతోనే అన్నాడు, కింద ఇంజన్ గట్టిదే, పైనే అరిగిందని. అంటే తను దాచింది అరుగుదలను. చంపింది మాత్రం ఇంజన్నే. పోయించిన చిక్కదనం, ఒంపించిన మందు, ఆరు నెలలు మార్చొద్దన్న మాట, ఈ మూడూ కలిసి బంక కట్టాయి. ఇన్నాళ్ళూ తను చేసింది ఒక నిజం మింగడమే అనుకున్నాడు. మింగిన నిజం కంటే చెప్పిన అబద్ధమే ఎక్కువ తినేసిందని ఆ సంపు చూశాక గాని తెలియలేదు.

వెంకటస్వామి చేతులు తుడుచుకుని రెండు దారులూ చెప్పాడు. ఇదే ఇంజన్ బాగు చేయాలంటే బోరు, పిస్టన్లు, క్రాంకు సాన పట్టించడం, బేరింగులు, ఆయిల్ పంపు, హెడ్డు పని అన్నీ కలిపి తొంభై అయిదు వేలు, పదిహేను రోజులు. తన చేతిపని కాబట్టి లక్ష కిలోమీటర్ల దాకా పూచీ తనది. లేదంటే బెజవాడ నుంచి పాత ఇంజన్ తెప్పించి ఎక్కించడం. బిగింపుతో సహా డెబ్భై వేలు, నాలుగు రోజుల్లో బండి రోడ్డెక్కుతుంది. దానికి ఎవరి పూచీ ఉండదు. ఎక్కడ గుద్దుకున్న బండిదో, ఎన్ని లక్షలు తిరిగిందో అమ్మేవాడు చెప్పిందే లెక్క. ఈ పాతదాన్ని తుక్కు కింద వాళ్ళే పట్టుకుపోతారు.

ఆ చివరి మాట జయకృష్ణ చెవిలో పడింది. తుక్కు కింద పట్టుకుపోతారు. సంపు, బంక, జల్లెడ, గీతలు పడ్డ క్రాంకు, అన్నీ రేపీపాటికి లారీ ఎక్కుతాయి. బాగు చేయడమంటే మాత్రం వెంకటస్వామి పదిహేను రోజులు ఆ ముక్కల ముందు కూర్చుంటాడు. ఆ చేతులకు ఇంజన్ రాసిచ్చినట్టు చెబుతుంది, ఎవరు ఏం పోశారో, ఎప్పుడు పోశారో.

"మార్చేద్దాం" అన్నాడు జయకృష్ణ. మాటలు అలవాటుగా వరస కట్టాయి. నాలుగు రోజుల్లో పని అయిపోతుందని, పాతిక వేలు మిగులుతాయని, పన్నెండో తారీకుకి బండి బడి ముందుంటుందని, చచ్చినదాని మీద లక్ష పెట్టడం వ్యాపారం కాదని చెప్పాడు. ఒక్కటీ తప్పు లెక్క కాదు. ఎవరైనా ఔననే లెక్కలే. ఆ లెక్కలన్నీ ఎవరికోసం కట్టాడో అతనికి తెలుసు. వినేవాడికి తెలియదు.

యలమంద ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బాబాయి అన్నాక ఇంకేముంది. తెప్పించు స్వామన్నా."

బేరం కుదిరింది. ముప్ఫై ఏళ్ళలో బేరం కుదిరాక జయకృష్ణకు ఎప్పుడూ ఒక తేలిక వచ్చేది, భుజం మీద బస్తా దించినట్టు. ఇప్పుడూ వచ్చింది. వచ్చినందుకే అతనికి సిగ్గేసింది. కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. వెంకటస్వామి మాత్రం ఫోన్ తీయలేదు. జల్లెడను వెలుగుకు ఎత్తి పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడే స్కూటీ ఆగింది. వచ్చింది ప్రణతి. యలమంద కారులో వెళ్ళే నలుగురు టీచర్లలో ఒకరు, అవనిగడ్డ దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, పర్సులోంచి కవరు తీసి యలమంద చేతిలో పెట్టింది. నలుగురూ కలిసి మూడు నెలల కిరాయి ముందుగా వేశారట, ముప్ఫై ఆరు వేలు. యలమంద లేచి నిలబడి వద్దనబోతే, ఉచితం కాదు లెండి, నెలనెలా తెగ్గోసుకుంటామంది. పెడన వ్యానువాడు తక్కువకే వస్తానన్నాడట గాని, వర్షాకాలంలో పులిగడ్డ దగ్గర బండి ఆగితే గొడుగు పట్టుకుని ఇంటిదాకా దిగబెట్టినవాణ్ణి వదులుకోలేక ఈ ఏర్పాటు చేసుకున్నామని నవ్వింది.

ఇక్కడ జయకృష్ణ లెక్క తప్పింది. తను మోసం చేసింది ఒక్కణ్ణే అనుకున్నాడు. కవరు చూశాక అయిదుగురయ్యారు.

ఏం తేలిందని ఆమె అడిగింది. యలమంద చెప్పాడు, ఇంజన్ మార్చేస్తున్నామని, బాబాయి గారు నిర్ణయించారని. ఆమె జయకృష్ణకు నమస్కారం పెట్టింది. తర్వాత సంపు దగ్గర వంగి చూసి, ముక్కు మీద వేలు పెట్టుకుని, వెంకటస్వామిని అడిగింది.

"ఇది ఎందుకు పోయిందండీ?"

"ఆయిల్ బంక కట్టి."

"ఎందుకు కట్టింది?"

వెంకటస్వామి జల్లెడను సంపు పక్కన పెట్టాడు.

"అది తెలియకుండా ఇంకో ఇంజన్ పెడితే, అది కూడా నాలుగు నెలలకి ఇలాగే పోదా? మా పిల్లలు లెక్క తప్పితే కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి చేస్తారు. ఎక్కడ తప్పిందో చూడరు. మళ్ళీ అక్కడే తప్పుతారు."

యలమందకు పౌరుషం వచ్చింది. తన వల్ల తప్పు జరిగిందని ఆమె అంటున్నట్టు అనిపించిందేమో, డిక్కీ దగ్గరికి వెళ్ళి రెండు డబ్బాలు తెచ్చాడు. ఒకటి గేరు ఆయిల్, ఒకటి పొగ మందు. వాటితో పాటు నాలుగు మడతలు పెట్టిన కాగితం. వారం వారం చూసి, తగ్గినంతా ఇదే పోశానని, ఒక్కసారి కూడా వేరే రకం ముట్టలేదని, బందరులో దొరక్కపోతే గుడివాడ వెళ్ళి మరీ తెచ్చానని చెప్పాడు. ఆయిల్ షాపువాడు ఇంజన్లో ఇది పోయకూడదంటే వాడితో పోట్లాడి వచ్చాడట. ఆ కాగితంలో ఉన్నట్టు ఆరు నెలలకి మారుద్దామని, ఆగస్టు కోసం చూస్తున్నాడట.

కాగితం మీద రాత గుండ్రంగా, తీరుగా ఉంది. గోతాల చీటీలు రాసే చెయ్యి.

వెంకటస్వామి ఆ కాగితం చదివాడు. డబ్బా మూత తీసి వాసన చూశాడు. తర్వాత తలెత్తి జయకృష్ణను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఊళ్ళో షెడ్డు నడిపినవాడు, ఏ కారు అమ్మే ముందు ఏం పోస్తారో నలభై ఏళ్ళుగా చూసినవాడు. కాగితం మడిచి, తన జేబులో పెట్టుకోకుండా, యలమందకు ఇవ్వకుండా, తెచ్చి జయకృష్ణ కూర్చున్న కుర్చీ చెయ్యి మీద పెట్టాడు. పెట్టి, పక్కకు జరిగాడు.

బయటపడే దారి ఇంకా ఉంది. కంపెనీ మంచిది కాదనొచ్చు, నకిలీ డబ్బాలు వస్తున్నాయనొచ్చు, ఆ రోజుల్లో నాకు చెప్పినవాడు అలాగే చెప్పాడనొచ్చు. వెంకటస్వామి కాదనడు. అలా కాగితం ఇచ్చాడంటేనే కాదననని చెప్పడం. కాని ఏ దారి పట్టినా, వచ్చే ఇంజన్లో ఈ ఆయిల్ పోయొద్దని ఒక్క మాట చెప్పి తీరాలి. చెప్పకపోతే యలమంద పోస్తాడు. వద్దన్న షాపువాడితో మళ్ళీ పోట్లాడి మరీ పోస్తాడు.

"ఆ ఆయిల్ ఇంక పోయకు యలమందా" అన్నాడు జయకృష్ణ.

"ఏం బాబాయ్, కంపెనీ మారిందా?"

"అది ఎప్పుడూ పోయకూడనిదే. నాకు తెలిసే పోయించాను. కారు అప్పటికే పొగ కొడుతోంది. బోరు చేయించాలని మెకానిక్ చెప్పాడు, నలభై అయిదు వేలన్నాడు. నీకు చెప్పలేదు. నీకు కనపడకూడదని ఇది పోయించాను. మారిస్తే బయటపడుతుందని మార్చొద్దన్నాను."

ప్రణతి హెల్మెట్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. యలమంద మొహంలో ముందు ఏ మార్పూ రాలేదు. తర్వాత నవ్వాడు, పెద్దవాళ్ళు పొరపడితే నవ్వినట్టు.

"ఊరుకోండి బాబాయ్. మీకు ఇంజన్ల గురించి ఏం తెలుసని. ఆ మెకానిక్కే ఏదో పోసి ఉంటాడు, మీరు నెత్తిన వేసుకుంటున్నారు."

జయకృష్ణ వ్యాపారంలో ఎన్నో బేరాలు ఆడాడు గాని ఇలాంటిది ఎప్పుడూ ఆడలేదు. తన సరుకు పాడైందని తనే రుజువు చేసుకోవాలి, కొన్నవాడు కాదు కాదని అంటున్నాడు. ఏ రోజు సాయంత్రం పోయించాడో చెప్పాడు. డబ్బాలు ఏ షాపులో కొన్నాడో చెప్పాడు. రథసప్తమి పొద్దున్నే రమ్మన్నది పండుగ అని కాదని, మంచులో పొగ తెలియదని చెప్పాడు. మెకానిక్‌ను తెచ్చుకోమన్నప్పుడు, నువ్వు తీసుకురావని తెలిసే అన్నానని చెప్పాడు. ఒక్కొక్క మాటకీ యలమంద మొహంలోంచి ఆ నవ్వు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. చివరికి పోయింది.

అతను సంపు ముందు కూర్చున్నాడు. పుల్ల తీసుకుని ఆ బంకను గీశాడు. గీత పడి, మెల్లగా పూడుకుంది. యలమంద లేచి, వెంకటస్వామి వైపు తిరిగాడు.

"ఇదే బాగుచెయ్యి స్వామన్నా. మార్చడం వద్దు."

"పాతిక వేలు ఎక్కువ. పదిహేను రోజులు" అని వెంకటస్వామి గుర్తుచేశాడు.

"కానీ. దీనికి ఏం జరిగిందో ఇప్పుడు నాకు తెలుసు. బెజవాడ నుంచి వచ్చేదానికి ఏం జరిగిందో నాకు ఎవరు చెప్తారు?"

అతను పెద్దమనిషిని అడగలేదు. ఆ షెడ్డులో అది జరగని పని. వెంకటస్వామి కూడా జయకృష్ణ వైపు చూడకుండానే తలూపాడు. ఇప్పుడు కుర్చీలో ఉన్న మనిషి అక్కడ లేనట్టే.

తొంభై అయిదు వేలూ తనే ఇస్తానని జయకృష్ణ అన్నాడు. అంటూ, యలమంద వద్దంటాడనుకున్నాడు. రత్తయ్య కొడుకు, మీ ఉప్పు తిన్నవాళ్ళం అంటాడని, రెండుసార్లు బతిమాలించుకుని సగానికి ఒప్పుకుంటాడని, ఆ బతిమాలడంలో తన మొహం కొంత తుడుచుకోవచ్చని లోపలెక్కడో ఒక ఆశ ఉంది.

"సరేనండి" అన్నాడు యలమంద.

అంతే. ఆ 'అండి' కొత్తది. టీచర్ల కవరును ప్రణతికి తిరిగి ఇచ్చాడు. పదిహేను రోజులు ఆగగలరా మేడం, వ్యాను మాట్లాడుకున్నా నేనేం అనుకోను అన్నాడు. తన కొత్త కారు పంపిస్తానని, అన్నాళ్ళూ యలమందే నడపవచ్చని జయకృష్ణ మధ్యలో అందుకున్నాడు. ప్రణతి మర్యాదగానే అడిగింది, "దాంట్లో ఆయిల్ ఎవరు పోయించారండీ?" అని. వెంకటస్వామి మొహం అటు తిప్పుకున్నాడు. నవ్వు దాచుకోడానికో, చూడలేకో. బడులు తెరిచాక బండి వచ్చేదాకా బస్సులో వెళ్తామని, అవనిగడ్డ నుంచి ఆటో ఉందని, ఆ తర్వాత మా బండి ఇదేనని ఆమె యలమందకు చెప్పింది. కవరు తన దగ్గర ఉంచుకోలేదు. ఆయిల్ మంచిది కొనండి, అని బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

జయకృష్ణ లేవబోయాడు. బస్సుకి టైమవుతోందన్నాడు.

"ఒక్క నిమిషం కూర్చోండి, జయకృష్ణ గారూ."

ముప్ఫై మూడేళ్ళలో ఆ నోట తన పేరు వినడం అదే మొదలు. కూర్చున్నాడు.

యలమంద మెల్లగా అడిగాడు. గొంతు పెంచలేదు. తండ్రి పోయాక కోడూరు దగ్గర నాలుగు సెంట్ల ఇంటి స్థలం తనకీ చెల్లెలు అమ్మాజీకీ పంచినప్పుడు, మధ్యన కూర్చుని వెల కట్టింది మీరే కదా అన్నాడు. సెంటు డెబ్భై వేలన్నారు. ఆ లెక్కన సగానికి లక్షా నలభై వేలు ఇచ్చి స్థలం తను ఉంచుకున్నాడు. సెంటు లక్ష పలుకుతుందని, జయకృష్ణ తన అన్నవైపే మాట్లాడాడని అమ్మాజీ ఏడ్చింది. బాబాయిని అనుమానిస్తే నన్ను అనుమానించినట్టేనని యలమంద చెల్లెలి గుమ్మం తొక్కడం మానేశాడు. మేనకోడలి ఓణీల వేడుకకి కూడా వెళ్ళలేదు. మూడేళ్ళయింది.

"ఆ వెల నిజమేనా?"

"నిజమే" అన్నాడు జయకృష్ణ.

నిజమే. ఆ ఒక్క పంపకంలో అతను ఎటూ ఒరగలేదు. ముగ్గురిని అడిగి, మధ్య ధర చెప్పాడు. రత్తయ్య మీద ఉన్న అభిమానంతో రెండు పూటలు కోడూరు తిరిగి మరీ కనుక్కున్నాడు. ఇప్పుడు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. చెప్పిన నోరు మాత్రం ఇందాక 'మార్చేద్దాం' అన్న నోరే.

యలమంద అతని మొహం వైపు చూశాడు, ఇందాక బేరింగుల వైపు చూసినట్టు. నమ్మాలని ఉంది ఆ కళ్ళలో, అదీ కనిపిస్తూనే ఉంది. తర్వాత ఫోను తీసి, మూడేళ్ళుగా నొక్కని పేరు వెతికి నొక్కాడు. స్పీకరు పెట్టి, టీచర్ల కవరు పక్కన బల్ల మీద, జయకృష్ణకు ఎదురుగా ఉంచాడు.

"మా చెల్లెలికి మీరే చెప్పండి. ఇదీ, కారుదీ, రెండూ చెప్పండి. అది ఏది నమ్మితే నేనూ అదే నమ్ముతాను."

ఫోను మోగుతోంది. జయకృష్ణ లెక్క వేసుకున్నాడు, వేసుకోకుండా ఉండడం అతనికి చేతకాదు. రథసప్తమి బేరంలో మిగిలింది నలభై అయిదు వేలు. ఇవాళ ఒప్పుకున్నది తొంభై అయిదు వేలు. అంతవరకు మామూలు నష్టం, ఏ వ్యాపారికైనా ఉండేదే. రత్తయ్య పిల్లల మధ్య నిలబడి తను చెప్పిన ఒకే ఒక్క నిజం ఉంది. అది కూడా ఆ కారుతో పాటే అమ్ముడుపోయింది. దానికి మాత్రం అతనికి పైసా ముట్టలేదు.

మోత ఆగింది. అవతల గిన్నెల చప్పుడు, తర్వాత ఆడగొంతు. నంబరు తీసేసిందో ఏమో, "ఎవరండీ?" అంది.

యలమంద ఫోనును జయకృష్ణ వైపు జరిపాడు. "ఎవరండీ మాట్లాడేది?" అని ఫోను రెండోసారి అడిగింది.